రహదారి ఎవరిది?

ఉదయము తొమ్మిది గంటల వేళ హైదరాబాదు నగరమున ఏ పెద్ద కూడలియొద్ద నిలిచి చూచినను ఒకే దృశ్యము కనబడును. ఎఱ్ఱదీపము వెలుగగానే వాహనములన్నియు ఆగును. ముందువరుసలో ఐదారు కారులుండును. వాని సందులలో మోటారుసైకిళ్లును, ఆటోలును దూరి నిలిచియుండును. ఎక్కడనో వెనుక, మెట్లమీద కూడ జనము వ్రేలాడుచున్న సిటీబస్సు ఒకటి కనబడును. ముందున్న కారులలో అందఱును కలిసి ఏడెనిమిదిమందికి మించరు. వెనుకనున్న ఆ యొక్క బస్సులో అరువదిమంది కలరు. పచ్చదీపము వెలుగగానే కారులు సాగిపోవును. బస్సు మెల్లగా కదలి కూడలిని చేరునప్పటికి మరల ఎఱ్ఱదీపము వెలుగును. ఎనిమిదిమంది పోయిరి, అరువదిమంది నిలిచిరి. ప్రతిదినము జరుగునది గనుక దీనిని ఎవరును అన్యాయమని తలపరు.

రహదారి ప్రజలందఱి ధనముతో వేసినది. కారు గలవాడు పన్ను చెల్లించుచున్నాడనుట నిజమే. కాని అగ్గిపెట్టె కొన్న కూలివాడును పన్ను చెల్లించుచునే యున్నాడు. అట్టి యెడ ఆ దారిలో ఎవరి వాటా ఎంత యని అడుగుట తప్పు కానేరదు. లెక్క చిన్నది, ఎనిమిదవ తరగతి విద్యార్థి పలకమీద చేయగలడు.

సాధారణమైన కారు పొడవు సుమారు 4 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు. అనగా అది దాదాపు 7 చదరపు మీటర్ల నేలను ఆక్రమించును. సిటీబస్సు పొడవు సుమారు 12 మీటర్లు, వెడల్పు 2.5 మీటర్లు, దానికి 30 చదరపు మీటర్లు కావలెను. బస్సులో 50 మంది యెక్కిరనుకొన్నను, ఒక్కొక్కరికి వచ్చునది చదరపు మీటరులో మూడువంతులకంటె తక్కువ. ఆ 50 మందియే కారుకు ఒకటిన్నర మంది చొప్పున బయలుదేరినచో 33 కారులు కావలెను. వానికి 231 చదరపు మీటర్లు కావలెను. ఇది దాదాపు ఎనిమిది రెట్లు. కదలుచున్న కారునకు ముందును వెనుకను విడువవలసిన ఎడమును చేర్చినచో ఈ నిష్పత్తి యింకను పెరుగును. మూడున్నర మీటర్ల వెడల్పుగల బాటలో గంటకు కారులమీద సుమారు 2 వేలమంది, బస్సులమీద 9 వేలమంది, సైకిళ్లమీద 14 వేలమంది, కాలినడకను 19 వేలమంది పోగలరని రవాణా నిపుణులు సాధారణముగా చెప్పుదురు. ఇట్లు, అన్నిటికంటె ఎక్కువ చోటు కోరి అన్నిటికంటె తక్కువమందిని మోయునది కారు.

కారు నిరుపయోగమైన వస్తువని దీనివలన తేలదు. అర్ధరాత్రమున ప్రసవవేదన పడు స్త్రీని ఆసుపత్రికి చేర్చుటకును, మోకాళ్లు పట్టుకొనిపోయిన వృద్ధురాలిని గుడికి తీసికొనిపోవుటకును, బస్సు పోని యూరికి పోవుటకును దానికి మించిన సాధనము లేదు. చిక్కంతయు మఱియొక చోట నున్నది. పాలు తెచ్చుటకు, పిల్లవానిని అరమైలు దూరపు బడిలో దింపుటకు, ఎదురువీథి దుకాణమునకు పోవుటకు కూడ కారు లేనిదే సాగదను విధముగ నగరములను కట్టుచుండుటయే ఆ చిక్కు. కారు ఇంటికి సేవకునివలె వచ్చినచో మేలే. నగరమునకు యజమాని యగుటయే కూడదు.

దానిని నడుపు శక్తి సంగతి యింకను విచిత్రమైనది. కారు బరువు సుమారు 1000 కిలోలు. అందు కూర్చున్న మనుష్యుని బరువు 65 కిలోలు. ఇంజనులో కాలిన పెట్రోలు శక్తిలో దాదాపు నాలుగవవంతు మాత్రమే చక్రములను త్రిప్పును. తక్కినది వేడిమియై గాలిలో కలియును. ఆ నాలుగవవంతులోను అధికభాగము ఇనుమును మోయుటకే చెల్లును. మనుష్యుని మోయుటకు వచ్చునది అందు నూటికి ఆరుపాళ్లు. లెక్క వేసినచో, నూరు రూపాయల పెట్రోలు పోసినవాడు తనను తాను కదలించుకొనుటకు వాడుకొన్నది ఒకటిన్నర రూపాయ! సైకిలు బరువు 15 కిలోలు. అది తనకు నాలుగింతలకు మించిన బరువుగల మనుష్యుని మోయును. దాని యింధనము ఉదయమున తిన్న రెండు ఇడ్డెనలు. ఉక్కుపట్టాలపై ఉక్కుచక్రము దొరలునపుడు ఒరపిడి మిక్కిలి తక్కువ గనుక రైలు కూడ స్వల్పశక్తితో వేలమందిని లాగుకొనిపోవును. భారతదేశము తనకు కావలసిన ముడిచమురులో నూటికి 80 పాళ్లకు పైగా విదేశములనుండి కొనుచున్నది. కూడలియొద్ద ఊరక నిలిచి గురగురలాడుచున్న ప్రతి యింజనును ఆ కొన్నదానిలోనిదే తగులబెట్టుచున్నది.

విద్యుత్తుతో నడచు కారులు వచ్చుచున్నవి గదా, ఇక చింత యేల యని కొందఱందురు. పొగ తగ్గును, నిజమే. నేల తగ్గునా? విద్యుత్తు కారునకును అదే 7 చదరపు మీటర్లు కావలెను.

ఇంతకును కారు ఎందఱికి కలదు? 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశమున నూటికి ఎనిమిది కుటుంబములకు మాత్రమే కారున్నట్లును, సైకిలు నూటికి 50 కుటుంబములకున్నట్లును తేలినది. నగరముల పథకములు మాత్రము ఆ యెనిమిదింటిని చూచియే గీయబడుచున్నవి. 2006వ సంవత్సరమున భారత ప్రభుత్వము ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానము దీనిని గుర్తించి, రహదారులు వాహనములను గాక మనుష్యులను కదలించుటకై యుండవలెనని స్పష్టముగా చెప్పినది. మాట చక్కనిది. మాట వెంట ధనము మాత్రము పైవంతెనలవైపే పోయినది.

ఒకప్పుడు హైదరాబాదు కారుల నగరము కాదు. 1932వ సంవత్సరమున నిజాం రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను బస్సుల శాఖ నొకటి నెలకొల్పిరి. రైలు నడపుచున్న సంస్థయే బస్సులను కూడ నడపుట చేత రైలు దిగినవానిని బస్సు అందుకొనుట సులభమయ్యెను. నేడు నిపుణులు పెద్ద పెద్ద గ్రంథములు వ్రాసి కోరుచున్నది ఆ పొత్తునే. ఆ విత్తనమునుండియే 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ పుట్టినది. ఎఱ్ఱబస్సు ఎక్కి పట్నమునకు వచ్చి చదువుకొనని కుటుంబము తెలుగునాట అరుదు. నగరమున ఆ కాలపు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు సైకిళ్లపై పోవుచుండిరి. కచేరీల ముందర సైకిళ్ల వరుసలు బారులు తీరియుండెడివి. సైకిలుపై వచ్చుట చేత ఎవరి మర్యాదకును భంగము కలుగలేదు.

తరువాత జంటనగరములు నలువైపుల వ్యాపించినవి. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చినవి. 2017 నవంబరులో మెట్రోరైలు మియాపూరు, నాగోలుల నడుమ ప్రారంభమై, 2020 ఫిబ్రవరి నాటికి సుమారు 69 కిలోమీటర్లకు విస్తరించినది. ఇవి మంచి పనులు. అయితే వీనితో పాటుగనే పైవంతెనలును లేచినవి. 2009లో తెరచిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ దారి 11 కిలోమీటర్లకు పైగా ఆకాశమున సాగును. దానిపై సైకిలువానికి గాని పాదచారికి గాని ప్రవేశము లేదు. విమానమునకు పోవువాడు మీదుగా పోవును. క్రింది దారిలో బస్సుకొఱకు నిలిచినవాడు ఆ వంతెన నీడలో నిలుచును. ఎండకాలమున ఆ నీడయైనను దక్కినదే యనవలెను.

దారిని వెడల్పు చేసినచో రద్దీ తీరునను నమ్మకము ప్రపంచమున అనేక నగరములను ముంచినది. అమెరికాలోని హూస్టన్ నగరమున కేటీ ఫ్రీవే యను రహదారిని సుమారు 280 కోట్ల డాలర్లు వెచ్చించి 2008 నాటికి విస్తరించిరి. ప్రక్కదారులతో చేర్చి లెక్కించినచో కొన్నిచోట్ల అది 26 వరుసల బాట. దారి పెద్దదైనదని విన్నవారు దూరదూరమున ఇండ్లు కట్టుకొనిరి. దూరమున నివసించువారు కారులు కొనిరి. కారులు దారిని నింపినవి. 2011లో పట్టిన కాలముకంటె 2014లో ఎక్కువ కాలము పట్టెను. దక్షిణ కొరియా రాజధానియైన సియోలు దీనికి ఎదురుత్రోవ త్రొక్కినది. ఆ నగరము నడిబొడ్డున ఒక వాగును కప్పి నిర్మించిన పైవంతెనదారిని 2003లో కూల్చనారంభించి, 2005 నాటికి ఆ వాగును మరల వెలుగు చూపించిరి. ఆ నడుమనే, 2004లో, బస్సుల మార్గములను సంస్కరించి వానికి ప్రత్యేకమైన బాటల నేర్పఱచిరి. నగరమేమియు స్తంభించిపోలేదు. వాగు ఒడ్డున జనులు షికారు చేయుచున్నారు.

మన దేశమున ఇట్టి ప్రయత్నము జరుగకపోలేదు. ఢిల్లీ కథ ఇందు విపులముగా చెప్పదగినది. 2008లో అంబేద్కర్ నగర్ మొదలు మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల దారిని క్రొత్తరీతిగా విభజించిరి. నడుమ బస్సులకు, దాని కిరుప్రక్కల కారులకు, ఆ వెలుపల సైకిళ్లకు, అంచున పాదచారులకు వేఱువేఱు బాటలు. ఆచార్య దినేశ్ మోహన్, ఆచార్య గీతం తివారి అను ఐ.ఐ.టి. పండితుల ఆలోచనల ఫలమది. బస్సులోనివారు మునుపటికంటె త్వరగా పోజొచ్చిరి. కారులోనివారు మాత్రము తమ వరుస నిండిపోయి, ప్రక్కన ఖాళీగా కనబడు బస్సుబాటను చూచి మండిపడిరి. ఖాళీగా కనబడుటయే దాని గుణము! నిమిషమునకొక బస్సు పోయిన బాట కంటికి శూన్యముగానే యుండును, కాని ఆ నిమిషమున అరువదిమంది దాటిపోయియుందురు. పత్రికలలో కోపము చెలరేగెను. ఆ కోపము ఎవరిదో ఊహించుట కష్టము కాదు. బస్సులో నిలుచుండి పోవు ఇంటిపనిమనిషి పత్రికకు లేఖ వ్రాయదు గదా.

వ్యవహారము హైకోర్టున కెక్కెను. ఆ బాటలోనికి అన్ని వాహనములను విడువవలెనని కొందఱు కోరిరి. 2012లో కొన్ని నెలలపాటు అట్లు విడిచి చూచుటయు జరిగెను. తుదకు ఆ సంవత్సరము అక్టోబరులో న్యాయస్థానము ఆ అభ్యర్థనను త్రోసిపుచ్చి బస్సుబాటను నిలిపెను. న్యాయస్థానమున గెలిచిన ఆ బాట రాజకీయములలో ఓడిపోయెను. 2015లో దానిని తొలగించుటకు నిశ్చయించి, 2016లో పగులగొట్టిరి. అందు లోపములు లేకపోలేదు. కూడళ్లయొద్ద దీపములు చాలసేపు నిలుపుచుండెను. బస్సు నెక్కుటకు ప్రయాణికులు నడిరోడ్డునకు దాటవలసి వచ్చెను. ఐదారు కిలోమీటర్లు దాటగానే బస్సు మరల పాత రద్దీలోనే చిక్కుకొనుచుండెను. బడ్డీకి కాళ్లు వంకరయైనచో వానిని సరిచేయవలెను గాని బడ్డీనే పాఱవేయరాదు. ఇంచుమించు అదే కాలమున, 2009లో, అహమ్మదాబాదువారు ప్రారంభించిన జనమార్గ్ బస్సుబాటలు కొనసాగినవి. విజయవాడలో పాత రైలుపట్టాల చోటున వేసిన బి.ఆర్.టి.ఎస్. దారి మాత్రము పేరునకే మిగిలినది.

ఇట్టివి మనకు సాగవు, ఐరోపావారి స్వభావమే వేఱు అను మాట తఱచుగా వినబడును. ముఖ్యముగా హాలండు పేరెత్తగానే, అచ్చటివారు పుట్టుకతోనే సైకిలు నేర్చినవారని అందురు. ఈ మాటలో సగమే సత్యమున్నది. 1950 తరువాత ఆ దేశమునను కారు ప్రభువయ్యెను. అంగడివీథులు కారులు నిలుపు దొడ్లుగా మాఱినవి. సైకిళ్లు ఏటేట తగ్గుచు వచ్చినవి. 1971వ సంవత్సరమొక్కదానిలోనే రహదారి ప్రమాదములలో సుమారు 3,300 మంది మరణించిరి. వారిలో 400 మందికి పైగా బాలబాలికలు. విక్ లాంగెన్‌హాఫ్ అను పత్రికారచయిత కూతురు బడికి పోవు దారిలో కారు క్రింద పడి మరణించెను. ఆయన దుఃఖమును వ్రాతగా మార్చి, పిల్లల హత్యను ఆపుడను శీర్షికతో ఒక వ్యాసమును ప్రకటించెను. ఆ శీర్షికయే ఒక ఉద్యమమునకు పేరయ్యెను. తలిదండ్రులు వీథులలో బైఠాయించిరి.

ఇందు పెద్దలొక్కరే పాల్గొనలేదు. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున డి పైప్ అను ఇఱుకైన పేట యొకటి కలదు. 1972లో ఆ పేట పిల్లలు, తమకు ఆడుకొనుటకు చోటు లేదనియు, వీథియంతయు కారులతో నిండిపోయినదనియు, తమ వీథిని కారులకు మూసివేయవలెననియు ఇల్లిల్లు తిరిగి సంతకములు సేకరించిరి. వీథికి అడ్డుకట్టలు పెట్టి ఆడుకొనిరి. కొందఱు కారువారు కోపించిరి, పిల్లలు బెదరలేదు. ఇంతలో 1973లో అరబ్బు దేశములు చమురు సరఫరాను నిలిపివేసెను. ఆ నవంబరు 4వ తేదీ మొదలుకొని కొన్ని ఆదివారములు దేశమంతట కారులు నడపరాదని ప్రభుత్వము శాసించెను. కారులు లేని రహదారులపై జనులు సైకిళ్లు త్రొక్కిరి, చక్రపుబూట్లతో జాఱిరి. చప్పుడు లేని నగరము ఎట్లుండునో చెవులార వినిరి. తరువాతి దశాబ్దములలో సైకిలుకు ప్రత్యేకమైన బాటలు, నివాసపు వీథులలో కారు మనిషినడకకు మించి పోరాదను నియమములు వచ్చెను. ఏటికి 400కు పైగా నుండిన పిల్లల మరణములు 2010 నాటికి ఇరువది లోపునకు దిగినవి. నేడు ఆ దేశమున జనులకంటె సైకిళ్లే ఎక్కువ. ఇది స్వభావము వలన వచ్చినది కాదు, జగడమాడి తెచ్చుకొన్నది.

తెలుగుదేశపు ఎండ హాలండున లేదనుట ఒప్పుకొనవలసిన మాటయే. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండములోనో మిట్టమధ్యాహ్నము సైకిలు త్రొక్కుమని ఎవరును చెప్పరు. కాని ఎండకు విరుగుడు చెట్టు. బాటసారులకొఱకు దారుల ప్రక్క మఱ్ఱిచెట్లు నాటించితినని అశోక చక్రవర్తి శాసనమున చెక్కించుకొనెను. మనకాలమున బాటలను వెడల్పు చేయుటకు మొట్టమొదట బలియగుచున్నవి ఆ మఱ్ఱిచెట్లే. హైదరాబాదునుండి చేవెళ్ల మీదుగా పోవు దారిలో తొమ్మిదివందల దాకా పెద్ద మఱ్ఱిచెట్లు ఇరుప్రక్కల నీడ పఱచియున్నవి. విస్తరణకొఱకు వానిని తొలగింప దలచగా, 2019 మొదలు ప్రకృతిప్రియులు అడ్డుపడి, ఆ వ్యాజ్యమును హరిత న్యాయస్థానము వరకు తీసికొనిపోవలసి వచ్చెను. నీడను నఱికివేసి, ఎండ గనుక నడువలేము, కారు కావలెననుట వింత తర్కము.

ఎండకంటె బలమైన అడ్డంకి యొకటి కలదు. అది గౌరవమను భ్రాంతి. పెండ్లిలో అల్లునికి కారు పెట్టిన మామ ఊరిలో మీసము మెలివేయును. అప్పు చేసి కారు కొన్నవాని వాకిటిలో అది ఇరువదిరెండు గంటలు కదలక నిలిచి, రెండు గంటలు వీథులలో ప్రాకును. వాయిదా మాత్రము నెలనెల పరుగెత్తును. బస్సెక్కువాడు జీవితమున వెనుకబడినవాడను తలంపు ఈ సమాజమున పాతుకొనిపోయినది. సింగపూరులో ప్రభుత్వము 1990 మొదలు కారు కొనదలచినవాడు ముందుగా వేలములో అనుమతి పత్రమును కొనవలెనని నియమించినది. ఆ పత్రము వెల ఒక్కొక్కప్పుడు కారు వెలనే మించును. కనుక అచ్చట చదువుకొన్నవారును, జీతముగలవారును సంకోచము లేక రైలును బస్సును ఎక్కుదురు. రైలు ఠంచనుగా వచ్చును గనుక ఎక్కుదురనుట మఱింత సరియైన మాట.

జనులకు బస్సు కావలెనా యను సందేహమును తెలుగు స్త్రీలు ఇటీవలనే తీర్చివేసిరి. తెలంగాణలో 2023 డిసెంబరు 9వ తేదీనుండియు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15వ తేదీనుండియు స్త్రీలకు ఆర్.టి.సి. బస్సులలో ఉచితప్రయాణము కలిగినది. బస్సులు క్రిక్కిరిసిపోయినవి. కూలికి పోవు స్త్రీ, కళాశాలకు పోవు బాలిక, పుట్టింటికి పోవు కోడలు బస్సులలో నిండిరి. ఈ క్రిక్కిరింతను చూచి పథకమును పరిహసించినవారు కలరు. టికెట్టు లేకుండుటయే తప్పన్నట్లు వారు మాటలాడుదురు. వాస్తవమునకు టికెట్టును తీసివేసి బస్సుల సంఖ్యను తగినంతగా పెంచకపోవుటయే తప్పు. ఇంతకాలము ఇందఱు స్త్రీలు వెల భరింపలేక ప్రయాణములను మానుకొనిరని ఆ క్రిక్కిరింత చాటుచున్నది. ప్రయాణమనగా పని, చదువు, వైద్యము. దానిని మానుకొనుట వీనిని మానుకొనుటయే.

అన్నిటికంటె చవుకయైన సాధనమునే అందఱును మఱచుచున్నారు, అది నడక. 2022వ సంవత్సరమున భారతదేశపు రహదారులపై 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది ఏ వాహనమును ఎక్కక నడచి పోవుచున్నవారు. దినమునకు దాదాపు తొంబదిమంది! వారిలో పలువురకు నడచుటకు ఫుట్‌పాతన్నది లేదు. ఉన్నచోట దానిపై స్తంభములు, ట్రాన్సుఫార్మరులు, దుకాణపు మెట్లు, నిలిపిన కారులు ఉండును. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాతుపై నడచుట రాజ్యాంగము 21వ అధికరణము ఇచ్చిన జీవనహక్కులో భాగమని చెప్పి, అందుకు తగిన నియమములను చేయుడని రాష్ట్రములను ఆజ్ఞాపించినది. నడచుటకు చోటు కావలెనని దేశపు అత్యున్నత న్యాయస్థానము చెప్పవలసి వచ్చుట ఒక విధముగా సిగ్గుపడదగిన విషయమే.

మెట్రోరైలు వేయుటకు కిలోమీటరునకు వందల కోట్లు కావలెను. ఫుట్‌పాతునకు దానితో పోల్చినచో చిల్లరయే చాలును. ఐనను పైని రైలు చల్లగా, శుభ్రముగా, వేళకు వచ్చుచుండగా, మెట్లు దిగిన ప్రయాణికుడు అనేకచోట్ల తిన్నగా వాహనములలోనికే దిగుచున్నాడు. స్టేషనుకు అరకిలోమీటరు దూరమున ఇల్లున్నవాడు ఆ అరకిలోమీటరు నడువ భయపడి, ఇంటినుండియే కారు తీయును. అతనిని నిందించి ఫలము లేదు. ఆ అరకిలోమీటరు పొడవున రెండు మీటర్ల వెడల్పుగల గట్టు, దానిపై నాలుగు చెట్లు, దారి దాటునప్పుడు కారు ఆగుటకు ఒక దీపము ఏర్పఱచినచో, అతడు మఱునాడు కారు తాళపుచెవిని మేకునకే వ్రేలాడనిచ్చి నడచి వచ్చును.